139 ఏళ్ల పెగ్గు

స్విట్జర్లాండ్‌లో సెయింట్ మోరిట్జ్ అని ఒక కొండ ఊరు ఉంది. సముద్రమట్టానికి 1,800 మీటర్ల ఎత్తు. 1928లో ఒకసారి, 1948లో మరోసారి శీతాకాలపు ఒలింపిక్స్ అక్కడే జరిగాయి. చలికాలం మంచు మీద జారడానికీ, ఎండాకాలం సరస్సు ఒడ్డున నడవడానికీ డబ్బున్నవాళ్లు ఆ ఊరు వెళతారు.

ఆ సరస్సు దగ్గర వాల్డ్‌హౌస్ ఆమ్ జే అని ఒక హోటలు. అందులో డెవిల్స్ ప్లేస్ అని ఒక బారు. ఆ బారులో 2017 నాటికి విస్కీలే సుమారు 2,500 రకాలు. ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ కొని పోగుచేసినవి. వాటిలో చాలామటుకు గ్లాసు లెక్కన అమ్మేవారు. కొన్నిటిని మాత్రం అమ్మేవారు కాదు. అవి చూడటానికే.

2017 వేసవిలో ఆ బారుకు చైనా నుంచి ఒక రచయిత వచ్చాడు. పేరు జాంగ్ వెయ్. వయసు 36. తాంగ్ జియా సాన్ షావ్ అన్న కలం పేరుతో ఇంటర్నెట్‌లో సీరియల్ నవలలు రాస్తాడు. చైనాలో ఆన్‌లైన్ రచనల మీద అందరికన్నా ఎక్కువ సంపాదించే కొద్దిమందిలో ఆయనొకడు. మంచి విస్కీ అంటే ఇష్టం.

అలమరలో ఒక సీసా మీద ఆయన చూపు ఆగింది. లేబులు మీద మెకాలన్ అని ఉంది. దాని కింద 1878 అని ఉంది. మూత తీసిన గుర్తు లేదు.

మెకాలన్ అన్నది స్కాట్లాండ్ ఉత్తరాన స్పే నది లోయలో ఉన్న డిస్టిలరీ. 1824లో లైసెన్సు తీసుకుంది. అక్కడ తయారయ్యేది సింగిల్ మాల్ట్. అంటే మొలకెత్తించిన బార్లీ తప్ప మరో ధాన్యం కలపకుండా, ఒక్క డిస్టిలరీలోనే రాగి బట్టీల్లో కాచిన విస్కీ. పాత సీసాలు పోగుచేసేవాళ్ల దగ్గర ఆ పేరుకు ఉన్న గిరాకీ మరే పేరుకూ లేదు. 2014లో హాంకాంగ్‌లో సదబీస్ సంస్థ వేలం వేస్తే, ఆరు లీటర్ల మెకాలన్ ఉన్న ఒక స్ఫటికపు పాత్ర 6,28,000 డాలర్లు పలికింది. అందులో ఉన్నది ఇరవయ్యో శతాబ్దపు విస్కీయే. అలాంటిది 1878 అని రాసి ఉన్న సీసా కనిపిస్తే, విస్కీ తెలిసినవాడు అక్కడినుంచి కదలడు.

జాంగ్ వెయ్ ఆ సీసాలోంచి ఒక పెగ్గు కావాలన్నాడు.

అది అమ్మకానికి కాదని మేనేజరు చెప్పాడు. ఆ సీసా కొన్నది ఆయన తండ్రి. పాతికేళ్ల కిందట, ఆ హోటలుకు తండ్రే మేనేజరుగా ఉన్నప్పుడు కొన్నాడు. అప్పటినుంచీ దాని బిరడా ఎవరూ తీయలేదు.

జాంగ్ వెయ్ పట్టు విడవలేదు. రుచి చూడాల్సిందేనన్నాడు.

మేనేజరు తండ్రికి ఫోన్ చేశాడు. తండ్రి సంగతంతా విన్నాడు. ఇలాంటి గిరాకీ మళ్లీ రావాలంటే ఇంకో ఇరవై ఏళ్లు కాచుకోవాలి, ఇచ్చేయమన్నాడు.

ధర 9,999 ఫ్రాంకులు. అప్పటి మారకంలో సుమారు ఆరున్నర లక్షల రూపాయలు. సీసాకు కాదు, ఒక్క పెగ్గుకు. జాంగ్ వెయ్ బేరం ఆడిన దాఖలా లేదు. మేనేజరూ, ఆయనా కలిసి మూత తీశారు. ఇద్దరూ కాస్త కాస్త తాగారు.

ఆ తర్వాత జాంగ్ వెయ్ ఈ సంగతి చైనా సోషల్ మీడియా వైబోలో తన పాఠకులకు చెప్పుకున్నాడు. ఆ ప్రయాణంలో ఆయన వెంట వాళ్ల అవ్వ కూడా ఉంది. అవ్వకు 82 ఏళ్లేనని, ఈ విస్కీకి మాత్రం 139 ఏళ్లని, అంటే ఇది అవ్వకు అవ్వ వయసుదని రాశాడు. అందరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నానని, రుచి బాగుందని రాశాడు. తాను తాగింది రుచిని మాత్రమే కాదని, చరిత్రను కూడా అని రాశాడు.

వార్త దేశాలు దాటింది. ప్రపంచంలో అంత ఖరీదైన పెగ్గు మరొకటి అమ్ముడుపోయి ఉండదని పత్రికలు రాశాయి. వార్తతోపాటు సీసా ఫొటో కూడా వేశాయి.

ఆ ఫొటోను స్కాట్లాండ్‌లో కొందరు చూశారు. పాత విస్కీలు కొని, అమ్మి, వాటి చరిత్ర తవ్వి బతికేవాళ్లు వాళ్లు. పెగ్గు ధర దగ్గర వాళ్లు ఆగలేదు. బిరడా చూశారు. తర్వాత లేబులు చదివారు.

లేబులు మీద యజమాని పేరుంది. రోడరిక్ కెంప్. పేరు కింద ఆయన సంస్థ పేరుంది. మెకాలన్ అండ్ టాలిస్కర్ డిస్టిలరీస్ లిమిటెడ్.

రోడరిక్ కెంప్ కల్పిత వ్యక్తి కాదు. విస్కీ చరిత్రలో ఆయనకు చోటుంది. ముందు వైను వ్యాపారం చేసేవాడు. 1880లో మరొకరితో కలిసి టాలిస్కర్ డిస్టిలరీని కొన్నాడు. టాలిస్కర్ ఉన్నది పడమటి తీరాన, స్కై దీవిలో. పన్నెండేళ్లు దాన్ని నడిపాడు. 1892లో అందులో తన వాటా భాగస్వామికి అమ్మేశాడు. ఆ డబ్బుతో స్పే లోయలో మెకాలన్‌ను కొన్నాడు. ఆ తర్వాత వంద ఏళ్లకు పైగా ఆయన వారసుల చేయి మెకాలన్ మీద ఉంది.

టాలిస్కర్ అమ్మాకే మెకాలన్ కొన్నాడు. అంటే రెండు డిస్టిలరీలూ ఒకేసారి ఆయన చేతిలో ఉన్న కాలం లేదు. రెండు పేర్లూ కలిపిన లిమిటెడ్ కంపెనీ అసలే లేదు. ఇక 1878లో ఆయనకు ఆ రెంటిలో ఏ ఒక్కదానితోనూ సంబంధం లేదు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. డిస్టిలరీల చరిత్ర చెప్పే పుస్తకాల్లో ఉన్న సంగతే. 1878 అన్న అంకె మీద ఆగిన కళ్లు కిందున్న ఆ ఒక్క వరుస దగ్గరికి వెళ్లలేదు. పాతికేళ్లుగా ఆ వరుస గాజు మీదే ఉంది.

పందొమ్మిదో శతాబ్దపు సీసా అంటేనే అనుమానించడానికి మరో కారణం ఉంది. ఆ రోజుల్లో డిస్టిలరీలు సరుకును పీపాల్లో అమ్మేవి. సీసాల్లో నింపేది ఎక్కువగా ఊళ్లలో వర్తకులు. ఒక డిస్టిలరీ పేరు మీద, ఒక సంవత్సరం అంకె వేసి, సీసాల్లో దాచిన మాల్ట్ అరుదు. ఆ అరుదైనవి 1990ల నాటికి వేలంపాటల్లో వరసగా కనిపించడం మొదలైంది.

మెకాలన్ కంపెనీ కూడా వాటిని కొన్నది. పందొమ్మిదో శతాబ్దపు మెకాలన్ అని వేలానికి వచ్చిన సీసాలు తెచ్చుకుంది. వాటి రుచిని ఒరవడిగా పెట్టుకుని రెప్లికా పేరుతో కొత్త విస్కీలు తయారుచేసి అమ్మింది. తర్వాత పరీక్ష చేయిస్తే, తాను కొన్న పాత సీసాల్లో నకిలీలు బయటపడ్డాయి. తయారుచేసిన ఇల్లే తన బిడ్డను గుర్తుపట్టలేకపోయింది.

ఇదంతా సెయింట్ మోరిట్జ్ మేనేజరు చెవిన పడింది.

ఆయన ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఊరుకోవడం. డబ్బు ముట్టింది. తాగినవాడు రుచి బాగుందని తన పాఠకులందరికీ చెప్పుకున్నాడు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. సీసాలో ఇంకా చాలా మిగిలే ఉంది. అసలుదే అయితే దాని వెల సుమారు 3,00,000 ఫ్రాంకులు. అప్పటి లెక్కలో దాదాపు రెండు కోట్ల రూపాయలు. అనుమానం అనుమానంగా ఉన్నంతకాలం సీసాకు ఎంతో కొంత విలువ ఉంటుంది. పరీక్షకు పంపితే మాత్రం ఉంటే ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

ఆయన రెండో దారి పట్టాడు. సీసాలోంచి నమూనా తీయించి స్కాట్లాండ్‌లో పాత విస్కీల విలువ కట్టే ఒక సంస్థకు పంపాడు. ఆ సంస్థ దాన్ని రెండు చోట్ల పరీక్ష చేయించింది. వయసు తేల్చడానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. అసలు అందులో ఏముందో తేల్చడానికి స్కాట్లాండ్‌లోనే టాట్‌లాక్ అండ్ థామ్సన్ అనే ల్యాబు.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లకు వయసు తేల్చడం కొత్త కాదు. ఏసుక్రీస్తు దేహానికి చుట్టిన వస్త్రమని భక్తులు నమ్మే ట్యూరిన్ శవవస్త్రాన్ని 1988లో పరీక్షించిన మూడు ప్రయోగశాలల్లో అదొకటి. ఆ పరీక్షలో వస్త్రం క్రీ.శ. 1260కీ 1390కీ మధ్య కాలానిదని తేలింది. అక్కడ వాడిన పద్ధతే ఇక్కడా వాడారు. కార్బన్-14.

విస్కీ వయసు చెప్పేది రంగు కాదు, రుచి కాదు. అది ఏ గింజ నుంచి పుట్టిందో ఆ గింజ చెబుతుంది. పైరు పెరిగేటప్పుడు గాలిలోంచి కార్బన్ తీసుకుంటుంది. అందులో ఏ కొంచెమో కార్బన్-14 ఉంటుంది. కోత కోశాక ఇక గాలితో సంబంధం తెగిపోతుంది. గింజను నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా, బట్టీలో కాచినా ఆ కార్బన్ అలాగే సారాయిలోకి దిగుతుంది. ఓక్ పీపాలో పెట్టినా, సీసాలో పోసి బిరడా బిగించినా అదే కార్బన్. పంట పండిన ఏడాది గాలి ఎలాంటిదో అందులో రాసి ఉంటుంది.

1878లో గాలి ఒకలా ఉండేది. 1950ల నుంచి మరోలా అయింది. అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ అణుబాంబులను ఆరుబయట పేల్చి పరీక్షించాయి. ఆ పేలుళ్లతో గాలిలో కార్బన్-14 పెరుగుతూ పోయి, 1960ల నడిమికి భూమి ఉత్తరార్ధంలో దాదాపు రెట్టింపైంది. 1963లో ఆ మూడు దేశాలూ ఆరుబయట పరీక్షలు మానేస్తామని ఒప్పందం చేసుకున్నాయి. అప్పటినుంచి ఆ మోతాదు ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఏ ఏడాది ఎంత ఉందో శాస్త్రవేత్తల దగ్గర లెక్క ఉంది. అందుకే బాంబుల తర్వాత పండిన గింజ వయసును ఒకటి రెండేళ్ల తేడాతో చెప్పగలరు. బాంబులకు ముందు పండిన గింజలో ఆ అదనపు కార్బన్ ఉండే వీల్లేదు.

సెయింట్ మోరిట్జ్ నుంచి వచ్చిన నమూనాలో అది ఉంది.

విస్కీ తయారైంది 1970, 1972 మధ్య. అలా అనడానికి 95 శాతం సంభావ్యత ఉందని ఆక్స్‌ఫర్డ్ తేల్చింది.

రెండో ల్యాబు ఫలితం ఆ వెనకే వచ్చింది. సీసాలో ఉన్నది సింగిల్ మాల్ట్ కూడా కాదు. మాల్ట్ 60 శాతం, గ్రెయిన్ విస్కీ 40 శాతం. బ్లెండెడ్ స్కాచ్.

గ్రెయిన్ విస్కీని గోధుమ, మొక్కజొన్న లాంటి ధాన్యాలతో చేస్తారు. దాన్ని కాచేది రాగి బట్టీలో కాదు, నిలువు గోపురాల్లాంటి యంత్రాల్లో. 1830లో ఈనియాస్ కాఫీ అనే ఐర్లండ్ మాజీ ఎక్సైజు అధికారి ఆ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. రాగి బట్టీని ప్రతి విడతా ఖాళీ చేసి, కడిగి, మళ్లీ నింపాలి. ఈ యంత్రం ఆగకుండా నడుస్తుంది. సరుకు తేలిగ్గా ఉంటుంది, చౌకగా వస్తుంది. ఘాటైన మాల్ట్‌లో దీన్ని కలిపితే తాగడానికి సాఫీగా ఉంటుంది. 1860లో చట్టం ఆ కలపడాన్ని సులువు చేసింది. ఎడిన్‌బరోలో ఆండ్రూ అషర్ లాంటి వర్తకులు ఆ పనిలో ఆరితేరారు. అదే కాలంలో ఫ్రాన్స్ ద్రాక్షతోటలను ఫిలాక్సెరా పురుగు తినేసింది. బ్రాందీ దొరక్క ఇంగ్లండు పెద్దమనుషులు బ్లెండెడ్ స్కాచ్‌కు అలవాటు పడ్డారు. ఆనాటినుంచి ఈనాటిదాకా స్కాట్లాండ్ నుంచి ప్రపంచానికి వెళ్లే విస్కీలో పెద్ద వాటా బ్లెండ్‌లదే.

1970ల్లో కూడా అంతే. బ్లెండెడ్ స్కాచ్ కోసం ఎవరూ వేలంపాటకు వెళ్లలేదు. వీధి దుకాణంలో దొరికేది.

అందులో తప్పుపట్టడానికేమీ లేదు. బ్లెండ్ తయారుచేయడం నేర్పుతో కూడిన పని. పదుల రకాల పీపాల్లోంచి కొంచెం కొంచెం తీసి, ఏడాదికేడాది ఒకే రుచి వచ్చేలా కలపాలి. అది ముక్కుతో చేసే పని. మామూలు బ్లెండ్‌లలో గ్రెయిన్ పాలే ఎక్కువ ఉంటుంది. ఈ సీసాలో మాల్ట్ పాలు ఎక్కువ. అంటే లోపల ఉన్నది నాసిరకం సరుకు కాదు. రుచి బాగుందని జాంగ్ వెయ్ రాసింది నిజమే అయ్యుండాలి. ఆ విస్కీ తాను మరేదో అని ఎక్కడా చెప్పుకోలేదు. చెప్పింది లేబులు.

విస్కీకి ఇంకో గుణం ఉంది. పీపాలో ఉన్నంతసేపే దానికి వయసు వస్తుంది. ఓక్ చెక్కతో కలిసి రంగు మారుతుంది, వాసన మారుతుంది. సీసాలో పోశాక ఆ మార్పు ఆగిపోతుంది. పన్నెండేళ్ల విస్కీని సీసాలో వందేళ్లు దాచినా అది పన్నెండేళ్ల విస్కీయే. కాబట్టి పాత సీసాకు లక్షలు పోసేవాడు కొనేది రుచిని కాదు. ఆ సీసా ఎప్పటిదో ఆ కాలాన్ని. నకిలీ చేసినవాడు ఈ సంగతి ఎరిగినవాడే. పాతదిగా కనిపించే సీసా సంపాదించాడు. లేబులు అచ్చు వేశాడు. లోపల మంచి బ్లెండ్ పోశాడు. కొనేవాడు చూసేది అంకెనని లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క పాతికేళ్లు తప్పలేదు.

తండ్రి ఆ సీసా కొన్ననాటికి అందులోని విస్కీ తయారై ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది, అంతే.

నివేదిక చేతికొచ్చాక మేనేజరు దాన్ని బీరువాలో పెట్టలేదు. తీసుకుని చైనా బయల్దేరాడు. జాంగ్ వెయ్‌ని కలిశాడు. కాగితాలు ముందు పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. 9,999 ఫ్రాంకులూ తిరిగి ఇచ్చేశాడు. పెగ్గు ధర పోయింది. సీసా విలువ పోయింది. ప్రయాణ ఖర్చు మీద పడింది.

జాంగ్ వెయ్ కోప్పడలేదు. హోటలు నిజాయితీకి కృతజ్ఞతలు చెప్పాడు. స్విట్జర్లాండ్‌లో గడిపిన రోజులు బాగున్నాయన్నాడు. డబ్బు తీసుకున్నాడు.

2017 నవంబరులో ఈ సంగతి పత్రికలకెక్కింది. వేసవిలో అత్యంత ఖరీదైన పెగ్గు అని రాసిన పత్రికలే ఇప్పుడు నకిలీ పెగ్గు అని రాశాయి. పాత సీసాలున్న వాళ్లకు గుబులు పట్టుకుంది. ఆ మరుసటి ఏడాది స్కాట్లాండ్‌లో అరుదైనవని పేరుపడ్డ 55 సీసాలను ఇదే కార్బన్ పద్ధతిలో పరీక్షించారు. వాటిలో 21 నకిలీవో, లేబులు మీది ఏడాదిలో తయారుకానివో అని తేలింది. వేలంపాటలు ఆగలేదు. 2023లో లండన్‌లో ఒక మెకాలన్ సీసా 21 లక్షల పౌండ్లకు పైగా పలికింది. అది 1926లో కాచినది, అరవై ఏళ్లు పీపాలో ఉన్నది. దాని పుట్టుపూర్వోత్తరాలకు ఆధారాలున్నాయి.

సెయింట్ మోరిట్జ్ సీసా లెక్క మాత్రం తేలిపోయింది. 1878 అబద్ధం. మెకాలన్ అబద్ధం. సింగిల్ మాల్ట్ అబద్ధం. రోడరిక్ కెంప్ కంపెనీ అబద్ధం. మూడు లక్షల ఫ్రాంకుల వెల అబద్ధం. జాంగ్ వెయ్ పుట్టింది 1981లో. అంటే ఆయన తాగిన చరిత్ర ఆయనకన్నా పదేళ్లు పెద్దది. ఆ విస్కీ కాచేనాటికి ఆయన అవ్వకు సుమారు ముప్పై ఆరేళ్లు.

వైబోలో ఆయన రెండు వయసులు రాశాడు. అబ్బురపడి రాసిన 139 ప్రయోగశాల దాకా వెళ్లి తిరిగి రాలేదు. ఏ పరీక్షా అక్కర్లేకుండా నిలిచింది, అంతేనా అన్నట్టు రాసిన 82.